ఓకే అన్న రోజే ఆడియో

కీబోర్డు ప్రోగ్రామర్ వాయించే సత్తా ఏపాటిదో మొదటి పాటకే సంగీత దర్శకుడికి తెలిసిపోతుంది. రెండో సినిమాకి మళ్లీ పిలవాలా వద్దా అన్నది మాత్రం చాలాసార్లు అతని సెషనే తేల్చేస్తుంది. మూడు నెలల కిందట అయిపోయిందనుకున్న పాట ఉంటుంది. ఎడిటింగ్‌లో రెండో చరణం లేచిపోతుంది, హీరో ఎంట్రీ షాటు నాలుగు సెకన్లు పెరుగుతుంది. "తమ్ముడూ, ఆ ఇంటర్లూడ్‌లో స్ట్రింగ్స్ తీసేసి డప్పు ఒక్కటే ఉంచి సాయంత్రంలోగా పంపించెయ్" అని ఫోను. సెషన్ తెరిస్తే ఫలానా ప్లగిన్ దొరకలేదు, ఫలానా శాంపిల్ కనబడలేదు అంటూ మెసేజీలు వరసకడతాయి. ట్రాకుల పేర్లు చూస్తే కాంటాక్ట్ 7, కాంటాక్ట్ 7 కాపీ, ఇన్‌స్ట్ 23. అందులో డప్పు ఎక్కడుందో పట్టుకోవడానికే గంట పోతుంది.

దీనికి మందు పెద్ద కంప్యూటర్ కాదు. దర్శకుడు ఓకే అన్న రోజే ఆ ట్రాకు ఆడియో అయిపోవాలి, దాని మిడి మాత్రం ఎప్పటికీ పారేయకూడదు. మిగతా అలవాట్లన్నీ ఈ ఒక్క నియమానికి సాయం చేసేవే.

ఎందుకంటే మిడిలో శబ్దం ఉండదు. రోలాండ్ అధిపతి ఇకుతారో కకెహాషి, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ డేవ్ స్మిత్ చొరవతో 1983లో వచ్చిన ఏర్పాటు అది. ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ కీబోర్డుని మోగించగలగాలన్నదే వాళ్ల ఆలోచన. ఆ పనికి వాళ్లిద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, 127 దాకా ఉన్న కొలతలో ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ తొక్కారా, వీల్ తిప్పారా అన్నదే మిడి రాసుకుంటుంది. మోగించడం ఇంకొకరి పని. మొదట్లో ఆ ఇంకొకరు ర్యాకులో ఉన్న పెట్టె. 1999లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ రెండో వెర్షన్ తెచ్చాక వాయిద్యమే ప్లగిన్‌గా కంప్యూటర్‌లోకి వచ్చేసింది. పెట్టె అయితే పదేళ్ల తర్వాత దుమ్ము దులిపి స్విచ్ వేసినా మోగేది. ప్లగిన్ మోగాలంటే సాఫ్ట్‌వేర్, దాని వెర్షన్, శాంపిల్ ఫోల్డర్ ఉన్న డ్రైవు, లైసెన్సు అన్నీ ఆ రోజు కుదరాలి.

ఒక్కోసారి మనం ఏ తప్పూ చేయకపోయినా కుదరవు. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలినా 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. అప్‌డేట్ నొక్కిన మరునాడు పాత సింథ్ ప్లగిన్లు సెషన్లలో మాయమయ్యాయి. వీఎస్‌టీ 2ని తమ సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లలో ఆపేస్తామని స్టైన్‌బర్గ్ 2022 జనవరిలో ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన క్యూబేస్ 12ని యాపిల్ సొంత చిప్పున్న మ్యాక్‌లో నేరుగా నడిపితే వీఎస్‌టీ 3 తప్ప వేరేది తెరుచుకోలేదు. వీఎస్‌టీ 2 ప్లగిన్ల కోసం దాన్ని పాత పద్ధతిలో, రొసెట్టా మీద నడుపుకోవాల్సి వచ్చింది. పాట సూపర్‌హిట్టయి అయిదేళ్లకు రీమిక్స్ కావాలంటే ఆ రోజున్న మిడి ఒక్కటే సరిపోదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మంచి శాంపిల్ లైబ్రరీలో ఒక్కో స్వరానికి ఒకటే రికార్డింగ్ ఉండదు. ఒకే దెబ్బ నాలుగుసార్లు కొడితే నాలుగు వేర్వేరు రికార్డింగులు వరసగానో ఇష్టమొచ్చినట్టో వినిపిస్తాయి. దాన్నే రౌండ్ రాబిన్ అంటారు. డప్పు, తవిల్ లాంటివాటికి ఇది లేకపోతే మెషిన్‌గన్‌లా వినిపిస్తుంది, కాబట్టి కావాల్సిందే. కానీ దానివల్ల ప్లే నొక్కిన ప్రతిసారీ ట్రాకు కొంచెం కొంచెం వేరుగా మోగుతుంది. దర్శకుడు ఓకే అన్నది ఒక ప్లేబ్యాక్‌ని. మిక్సింగ్‌కి వెళ్లేది ఇంకో ప్లేబ్యాక్ అయితే "ఆ రోజు విన్నప్పుడు ఏదో ఊపు ఉండె, ఇప్పుడు లేదు" అంటారు. ఆయన భ్రమపడుతున్నాడని మనం నవ్వుకుంటాం. నిజానికి ఆయన చెవి కరెక్టు.

ఆడియో చేయడానికి ఉన్న రెండు దారుల్ని ఒకటిగా కలిపేయకండి. ఫ్రీజ్ చేస్తే ఆ ట్రాకు తాత్కాలికంగా ఆడియో అయి ప్రాసెసర్‌కి ఊపిరి దొరుకుతుంది. ఆ ఫైళ్లు సెషన్ లోపలి ఫోల్డర్‌లో ఉంటాయి, అన్‌ఫ్రీజ్ చేస్తే పోతాయి, ఇంకొకరికి పంపడానికి పనికిరావు. పాట కడుతున్నంతసేపూ అది చాలు. ఓకే అయ్యాక కావాల్సింది లాజిక్‌లో బౌన్స్ ఇన్ ప్లేస్, క్యూబేస్‌లో రెండర్ ఇన్ ప్లేస్, ఏబుల్టన్‌లో ఫ్రీజ్ చేశాక ఫ్లాటెన్. ఏబుల్టన్‌తో ఒక జాగ్రత్త. ఫ్లాటెన్ చేస్తే మిడి పోయి ఆడియో మిగులుతుంది కాబట్టి ముందు ట్రాకుని డూప్లికేట్ చేసుకోండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా తోక సంగతి చూసుకోవాలి. చివరి స్వరం ఆగిన చోటే రెండర్ ఆగిపోతే ప్యాడ్ విడుదల, రివర్బ్ మోత కత్తిరించినట్టు తెగుతాయి. లాజిక్‌లో ఆడియో తోకని కలుపుకొనే టిక్కు ఉంది, క్యూబేస్‌లో ఎన్ని సెకన్లు కావాలో రాసే గడి ఉంది. నాలుగైదు సెకన్లు ఎక్కువ ఉంటే ఎవరికీ నష్టం లేదు.

రివర్బ్, డిలే వేసిన ట్రాకులు రెండు రకాలుగా తీయండి: ఎఫెక్టులతో ఒకటి, పొడిగా ఒకటి. ఎఫెక్టు శబ్దంలో భాగమైతే, అంటే ఆ డిలే లేకపోతే ఆ రిఫ్ఫే లేదనుకుంటే, ఇంజనీర్‌కి ఎఫెక్టులతో ఉన్నదే అసలైనది. మామూలు హాల్ రివర్బ్ అయితే ఆయన దగ్గర అంతకంటే మంచిది ఉంటుంది, పొడిది ఇస్తే చాలు.

ఆడియో అయ్యాక మిడి ట్రాకుని మ్యూట్ చేసి వదిలేస్తే సరిపోదు. మ్యూట్ చేసినా శాంపిళ్లు మెమరీలో అలాగే కూర్చుంటాయి. క్యూబేస్‌లో డిసేబుల్ చేయండి, రీపర్‌లో ప్లగిన్‌ని ఆఫ్‌లైన్ చేయండి, లాజిక్‌లో ట్రాకు పక్కనున్న పవర్ బటన్‌తో ఆపేయండి. తర్వాత అన్నిటినీ ఒక ఫోల్డర్ ట్రాకులో పెట్టి సెషన్ అడుగుకి తోసేయండి. ప్రతి ట్రాకుకీ నోట్స్ గడి ఉంటుంది. అందులో లైబ్రరీ పేరు, ప్యాచ్ పేరు, వెర్షన్, పిచ్ బెండ్ ఎంత పెట్టారో తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక్క లైను రాయండి. ప్లగిన్ దొరకని రోజున దానికి దగ్గరగా ఉన్నది వెతుక్కోవడానికి ఆ లైనే ఆధారం.

ఆడియో చేసేశాక మిడి ఇంకెందుకని అడిగేవాళ్లకి జవాబు సింగర్ చెబుతారు. ట్రాక్ సింగర్‌తో పాడించి ఓకే చేసిన పాటకి అసలు సింగర్ వచ్చి "అన్నా, అర శ్రుతి దించితే పల్లవి పైస్థాయి హాయిగా వస్తుంది" అంటారు. ఆడియోని సాఫ్ట్‌వేర్‌తో దించొచ్చు, పియానో, స్ట్రింగ్స్ మీద ఆ మరక వినిపిస్తుంది. మిడిని దించితే మచ్చ ఉండదు. అయితే అన్నీ సెలెక్ట్ చేసి ఒక మెట్టు కిందికి జరిపారో, రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది తాళవాద్యాలు. అక్కడ ఒక్కో మెట్టు ఒక్కో దెబ్బ కాబట్టి, మెట్టు జరిగితే కిక్ కాస్తా ఇంకేదో అవుతుంది. రెండోది కీస్విచ్‌లు. స్ట్రింగ్స్ లైబ్రరీలో అట్టడుగు సి మెట్టు నొక్కితే సాగదీత, సి షార్ప్ నొక్కితే తుంచి కొట్టడం అనుకోండి. మొత్తం ఒక మెట్టు దిగితే తుంచి కొట్టాల్సిన చోట తీగలు సాగుతాయి, సాగాల్సిన చోట కీస్విచ్చే లేని మెట్టు తగిలి ఏదీ మారదు. పైన వినిపించాల్సిన స్వరాలు మాత్రం కరెక్టుగా దిగుతాయి కాబట్టి తప్పు ఎక్కడుందో ఒక పట్టాన తట్టదు.

తాళవాద్యాల ట్రాకులకి లాజిక్‌లో నో ట్రాన్స్‌పోజ్ పెట్టొచ్చు. క్యూబేస్‌లో ట్రాన్స్‌పోజ్ ట్రాక్ వాడేవాళ్లు వాటిని ఇండిపెండెంట్ చేస్తే చాలు. కీస్విచ్‌లకి సరైన మార్గం వాటిని స్వరాల్లా వాయించకపోవడం. క్యూబేస్‌లో ఎక్స్‌ప్రెషన్ మ్యాప్, లాజిక్‌లో ఆర్టిక్యులేషన్ సెట్ తయారుచేసుకుంటే వాయించే తీరు స్వరానికి అంటిపెట్టుకొని ఉంటుంది, మెట్టు జరిగినా మారదు. ఒక లైబ్రరీకి ఒకసారి కూర్చుని చేసుకునే పని. విసుగ్గానే ఉంటుంది. ఆదివారం చేసుకోండి.

మన సంగీతానికి ప్రత్యేకమైన చిక్కు గమకం. నాదస్వరం, వీణ, సోలో వయొలిన్ లైబ్రరీలు పెట్టుకుని వీల్‌తో జారుడు వాయిస్తాం. వీల్ ఎంత తిప్పారన్నది మిడిలో ఉంటుంది. ఆ తిప్పుడుకి ఎన్ని మెట్లు జారాలన్నది మాత్రం ప్లగిన్‌లో ఉంటుంది. ఒక లైబ్రరీలో పూర్తి వీల్‌కి 12 సెమిటోన్లు పెట్టుకుని షడ్జం నుంచి అంతర గాంధారానికి, అంటే నాలుగు సెమిటోన్లు, జారారనుకుందాం. ఆ మిడిని ఇంకో లైబ్రరీకి మార్చారు, అందులో మామూలుగా ఉండే 2 సెమిటోన్లే ఉంది. అదే తిప్పుడుకి ఇప్పుడు స్వరం ముక్కాలు సెమిటోను కూడా జరగదు. గాంధారం మాట దేవుడెరుగు, శుద్ధ రిషభం దాకా కూడా వెళ్లదు. బేసురు అనిపిస్తుంది. కుర్రాళ్లు వెంటనే స్వరాలు దిద్దడం మొదలుపెడతారు. దిద్దాల్సింది స్వరాలు కాదు, అంకె. నోట్స్ గడిలో బెండ్ రాయమన్నది ఇందుకే. పిచ్ బెండ్ ఛానల్ మొత్తానికీ వర్తిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. శ్రుతి స్వరం అదే ట్రాకులో నొక్కి పట్టుకుని పైన గమకం వాయిస్తే శ్రుతి కూడా ఊగుతుంది. 2018లో మిడి సంఘం ఒప్పుకున్న ఎంపీఈ పద్ధతిలో ఒక్కో స్వరానికి ఒక్కో ఛానల్ ఇచ్చి ఈ బాధ తప్పించారు. దాన్ని అర్థం చేసుకునే కీబోర్డు, ప్లగిన్ రెండూ ఉండాలి మరి. లేనివాళ్లు శ్రుతికి వేరే ట్రాకు పెట్టుకుంటే సరి.

ఇక కంప్యూటర్ ఆయాసం. పాట కడుతున్నప్పుడు టకటకమని శబ్దాలొచ్చి ప్లేబ్యాక్ ఆగిపోతే మనవాళ్లు చూసేది కొత్త మ్యాక్ ధర. అంతకుముందు బఫర్ చూడండి. 48,000 హెర్ట్జ్ దగ్గర బఫర్ 128 శాంపిళ్లయితే 2.7 మిల్లీ సెకన్లు, 1024 అయితే 21 మిల్లీ సెకన్లకి పైనే. వాయించి రికార్డు చేసేటప్పుడు తక్కువ కావాలి, లేకపోతే వేలు ముందు, శబ్దం వెనక. వాయించడం అయిపోయి బ్యాలెన్స్ చేసుకునేటప్పుడు 128 మీద ఉంచుకోవాల్సిన పనేమీ లేదు. చాలామంది ఒకసారి తగ్గించి ఇక ముట్టుకోరు. మాస్టర్ మీద పెట్టిన లిమిటర్ ఇంకో దొంగ. అది కొంచెం ముందుకి చూసి పనిచేస్తుంది కాబట్టి సెషన్ మొత్తాన్నీ ఆ మేరకు ఆలస్యం చేస్తుంది. బఫర్ ఎంత తగ్గించినా మెట్టు బరువుగా అనిపిస్తే ముందు దాన్ని బైపాస్ చేయండి.

లాజిక్ వాడేవాళ్లకి ఇంకొకటి. మీరు సెలెక్ట్ చేసి ఉంచిన వాయిద్యం ట్రాకుని లాజిక్ ఎప్పుడు వాయిస్తారో అని సిద్ధంగా ఉంచుతుంది, ఆ బరువంతా ఒకే కోర్ మీద వేస్తుంది. మిగతా కోర్లన్నీ ఖాళీగా ఉన్నా ఆ ఒక్కటి నిండి సిస్టమ్ ఓవర్‌లోడ్ అంటుంది. ప్లే నొక్కే ముందు ఖాళీ ఆడియో ట్రాకు మీద క్లిక్ చేస్తే చాలు, చాలాసార్లు ఆ మెసేజీ పోతుంది. రూపాయి ఖర్చు లేదు.

మెమరీ విషయంలో కాంటాక్ట్ శాంప్లర్‌లోని పర్జ్‌ని వాడుకోండి. శాంపిళ్లన్నీ ఖాళీ చేసి పాటని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వాయిస్తే, ఆ పాటకి అవసరమైనవే మళ్లీ ఎక్కుతాయి. పెద్ద స్ట్రింగ్స్ ప్యాచ్‌కి ఇది మంచి తేడా ఇస్తుంది. ఒక కాంటాక్ట్ తెరిచి అందులో 16 వాయిద్యాలు పేర్చుకోవాలా, వాయిద్యానికో కాంటాక్ట్ తెరవాలా అన్న చర్చ పాతదే. ఒకే కాంటాక్ట్‌లో 64 దాకా పడతాయి, మెమరీ కొంచెం కలిసొస్తుంది. కానీ అందులో ఒక్కదాన్ని ఫ్రీజ్ చేయాలన్నా, ఇంకో పాటకి తీసుకెళ్లాలన్నా అన్నీ కదలాలి. ఏ ఛానల్ ఏ అవుట్‌పుట్‌కి వెళ్తుందో ఆర్నెల్లకి మీకే గుర్తుండదు. నా ఓటు ట్రాకుకి ఒకటి చొప్పున. జానపదం పాటలో డప్పులు, కంజీరలు, చిడతల గుంపు లాంటివి మాత్రం ఒకచోట ఉండొచ్చు, వాటిని ఎలాగూ కలిపే ఆడియో చేస్తాం.

టెంప్లేట్ సంగతి ఒక్క మాట. హాలీవుడ్ స్వరకర్తల వందలాది ట్రాకుల టెంప్లేట్ల వీడియోలు చూసి అలాంటిది కట్టుకోవడానికి నెలలు పోసేవాళ్లున్నారు. వాళ్లకి శాంపిళ్లు మోయడానికి వేరే కంప్యూటర్లుంటాయి, సెషన్ చూసుకోవడానికి సహాయకులుంటారు. మీరు వారంలో రెండుసార్లయినా వాడే వాయిద్యాలు ముప్పై, నలభై ఉంటాయి. అవి డిసేబుల్ చేసి, పేర్లు, రంగులు, రూటింగ్ సిద్ధంగా పెట్టుకున్న టెంప్లేట్ మన పనికి దండిగా సరిపోతుంది. అందులో ట్రాకు పేరు ప్లగిన్ పేరు కాకూడదు. వాయిద్యం, పాటలో అది చేసే పని, రెండూ పేరులో ఉండాలి: చరణం ఫ్లూట్, ఇంటర్లూడ్ 2 సెల్లో, హుక్ సింథ్. డిస్క్ మీద ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, ఆ ఫైలు ఎన్ని కంప్యూటర్లు తిరుగుతుందో తెలియదు.

నిజం వాయిద్యంతో మార్చబోయే ట్రాకుల గురించి కొంచెం ఆగాలి. నాదస్వరం విద్వాంసుడు వచ్చి వాయించాక మీ శాంపిల్ నాదస్వరాన్ని తీసెయ్యకండి, ఆపి పక్కన పెట్టండి. ఆయన వాయించని రెండు బార్లు ఎక్కడో అతికించాల్సి వస్తుంది. స్ట్రింగ్స్‌ని బుడాపెస్ట్‌లోనో, స్కోప్యేలోనో పెద్ద బృందంతో వాయించే సినిమా అయితే మీ మిడి నుంచే స్వరలిపి తయారవుతుంది. స్ట్రింగ్స్ లైబ్రరీలో స్వరం మెల్లగా లేస్తుందని మనం స్వరాలన్నిటినీ బీటుకి కాస్త ముందుకి లాగేస్తుంటాం. చెవికి బాగుంటుంది, కాగితం మీద మాత్రం అడ్డదిడ్డమైన చిన్న చిన్న విరామాలుగా అచ్చవుతుంది. స్వరాలని గ్రిడ్ మీదే ఉంచి, ట్రాక్ డిలేని మైనస్‌లో పెట్టండి, ఎన్ని మిల్లీ సెకన్లు పెట్టారో నోట్స్‌లో రాయండి. అచ్చుకెళ్లే ముందు మీకు ఫోన్లు తగ్గుతాయి.

స్టెమ్స్, అంటే ఆడియో చేసిన ఈ విడివిడి ఫైళ్లు, ఇచ్చేటప్పుడు అవతల ప్రో టూల్స్ ముందు కూర్చున్న ఇంజనీర్ మీరు వాడిన సాఫ్ట్‌వేర్ చూడడు. ప్రతి ఫైలూ ఒకే చోట, సెషన్ మొదలు నుంచే మొదలవ్వాలి, వాయిద్యం నూటపదో బార్లో వచ్చినా సరే. సినిమాకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. మీ సెషన్ 44.1లో ఉండి, అవతల మార్చకుండా 48లో మోగిస్తే పాట వేగం పెరుగుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోను ఎక్కుతుంది. మాస్టర్ మీద లిమిటర్ ఆపాలి. టెంపో, శ్రుతి ఫోల్డర్ పేరులోనే ఉండనివ్వండి. టెంపో మధ్యలో మారే రీరికార్డింగ్ బిట్ అయితే టెంపో మ్యాపుతో మిడి ఫైలు కూడా పెట్టండి.

మిడి, పూర్తి సెషన్ ఎవరి సొత్తన్నది పని ఒప్పుకునే రోజే మాట్లాడుకోవాలి. కొందరు సంగీత దర్శకులు స్టెమ్స్‌తో సరిపెట్టుకుంటారు, కొందరు మొత్తం ఇమ్మంటారు. ఏది అయినా సరే, ముందే తెలిస్తే ధర దానికి తగ్గట్టు చెప్పొచ్చు. సెషన్ ఇచ్చినా శాంపిల్ లైబ్రరీ మాత్రం కాపీ చేసి ఇవ్వకండి. వాటి లైసెన్సు సాధారణంగా సంగీతంలో వాడుకోవడానికే, శాంపిళ్లు పంచడానికి కాదు. క్రాక్ చేసిన లైబ్రరీల మీద పాట కట్టేవాళ్లకి నీతి చెప్పను గానీ, అప్‌డేట్ వేస్తే క్రాక్ పోతుందన్న భయంతో సిస్టమ్‌ని ఏళ్ల తరబడి ముట్టుకోలేకపోవడం, ఇంకో స్టూడియోలో కూర్చున్నప్పుడు తమ సెషన్ తెరవలేకపోవడం వాళ్లకే ఎక్కువ ఖర్చు.

పంపే ముందు ఒక పరీక్ష. కొత్త ఖాళీ సెషన్ తెరిచి స్టెమ్స్ అన్నీ సున్నా దగ్గర పెట్టండి. ఓకే అయిన ట్రాకులన్నీ ఆడియో చేశాక, మాస్టర్ ప్లగిన్లు ఆపి తీసిన మిక్స్‌ని ఇంకో ట్రాకులో వేసి దాని ఫేజ్ తిరగేయండి. రెండు రకాలుగా తీసినవాటిలో ఎఫెక్టులతో ఉన్నవి ఉంచి, పొడివి మ్యూట్ చేసి ప్లే చేయండి. అన్నీ సరిగ్గా ఉంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ వినబడదు. ఏదైనా వినబడితే అది మీరు మరిచిన ట్రాకో, తోక తెగిన రివర్బో, లెవల్ మారిన ఫైలో. సోలో నొక్కుకుంటూ వెతికితే అయిదు నిమిషాల్లో దొరుకుతుంది, దాన్ని మళ్లీ రెండర్ చేసి అప్పుడు లింక్ పంపండి.